కడుపులో బిడ్డ కదలిక తగ్గిందా? తెల్లారేదాకా ఆగొద్దు

రేణిగుంట నుంచి మళ్ళీ మీ ముందుకొచ్చేశా.

టైటిల్ చూసి కొంతమంది అనుకునే ఉంటారు, "వీడికింకా పెళ్లే కాలేదు, కడుపులో బిడ్డ గురించి వీడేం చెప్తాడు" అని. నిజమే. నేను డాక్టర్ని కాదు. బీటెక్ చేసి, కొన్నేళ్లు సర్వర్లకి కాపలా కాసినోణ్ణి. అయినా ఈ ఎపిసోడ్ ఎందుకంటే, రాత్రి పదకొండు గంటలకి నా ఇన్‌బాక్స్‌లోకి ఇట్లాంటి మెసేజ్‌లు వస్తుంటాయి. "బ్రో, మా వైఫ్‌కి ఎనిమిదో నెల. పొద్దున్నుంచి బేబీ పెద్దగా కదల్లేదంట. చెక్ చేసుకోవడానికి ఏమన్నా యాప్ ఉందా?" ఆ టైంలో వీడియోలు చేసుకునేవాడికి మెసేజ్ పెట్టి ఏం లాభం చెప్పండి.

కాబట్టి ఇప్పుడే ఈ అనుమానంతోనే వీడియో ఓపెన్ చేసినవాళ్లు ఉంటే, మీకు ముందే చెప్తా. 28 వారాలు దాటాయి, బిడ్డ రోజూ కదిలినట్టు కదలడం లేదు అనిపిస్తోంది అంటే, వీడియో ఆపేసి ఆసుపత్రికి ఫోన్ చేసి బయల్దేరండి. మిగతాది రేపు చూసుకోవచ్చు.

మిగతావాళ్లం మాట్లాడుకుందాం.

మొదటి కాన్పు అయితే బిడ్డ కదలిక 20 వారాల దగ్గర తెలియడం మొదలవుతుంది. రెండో కాన్పు వాళ్లకి ముందే, 16 వారాలకే తెలియొచ్చు. మొదట్లో అది గ్యాసా, బిడ్డా అనేది కూడా అర్థం కాదంటారు. 24 వారాలకల్లా క్లియర్‌గా తెలుస్తుంది. స్కాన్ రిపోర్టులో మాయ యాంటీరియర్ అని రాసి ఉంటే, అంటే మాయ పొట్ట ముందువైపు ఉంటే, మొదట్లో కొంచెం తక్కువ తెలుస్తుంది. మధ్యలో దిండు పెట్టి తన్నినట్టు. 28 వారాలు వచ్చేసరికి బిడ్డకంటూ ఒక పద్ధతి ఏర్పడుతుంది. కొందరు పొద్దున్నే, కొందరు అమ్మ పడుకోగానే. చాలామంది బిడ్డలు సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా బాగా హుషారుగా ఉంటారు. మధ్యలో 20 నుంచి 40 నిమిషాలు నిద్రపోతారు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఆ నిద్ర ఒకటిన్నర గంట దాటడం అరుదు.

ఇప్పుడు అసలు డేంజర్ మాట ఒకటి ఉంది. "నెలలు నిండేకొద్దీ చోటు చాలక బిడ్డ కదలడం తగ్గిస్తుంది." మన ఊళ్లల్లో ప్రతి ఇంట్లో ఈ మాట వినబడుతుంది. ఇది తప్పండీ. 32 వారాల దాకా కదలికలు పెరుగుతూ పోతాయి, ఆ తర్వాత దాదాపు అదే లెక్కన కాన్పు దాకా ఉంటాయి. తన్నులు కాస్తా దొర్లడం, ఒత్తడం లాగా మారొచ్చు. కానీ ఎన్నిసార్లు కదులుతోంది అనేది పడిపోకూడదు. నొప్పులు మొదలయ్యాక కూడా బిడ్డ కదులుతూనే ఉంటుంది.

ఎందుకు తగ్గుతుంది అంటే, బిడ్డకి ఆక్సిజన్, తిండి అన్నీ మాయ ద్వారానే రావాలి. మాయ సరిగ్గా పనిచేయకపోతే బిడ్డ పొదుపు మొదలుపెడుతుంది. ఉన్న రక్తాన్ని మెదడుకి, గుండెకి మళ్లించి, కాళ్లు చేతులు ఆడించడం తగ్గించేస్తుంది. ఫోన్ బ్యాటరీ 10 శాతానికి వస్తే స్క్రీన్ డిమ్ అయిపోయినట్టు. అన్నిసార్లూ కారణం ఇదే అని కాదు, ఎక్కువమంది విషయంలో చెక్ చేస్తే అంతా బాగానే ఉంటుంది. కానీ ఇదే కారణమైతే మాత్రం, గుండె ఆగిపోకముందే మనకి దొరికే సిగ్నల్ అది. 2019లో మన దేశంలో దాదాపు 3 లక్షల 40 వేల మంది బిడ్డలు 28 వారాలు దాటాక ప్రాణం లేకుండా పుట్టారని ఐక్యరాజ్యసమితి సంస్థల అంచనా. అంటే 1000 కాన్పులకి దాదాపు 14. 2030 కల్లా దీన్ని పది లోపుకి తేవాలని 2014లోనే కేంద్రం టార్గెట్ పెట్టుకుంది.

సరే, ఎట్లా లెక్కపెట్టాలి? ఇక్కడే అందరూ కన్‌ఫ్యూజ్ అవుతారు. ఎందుకంటే ఒక్కో డాక్టర్ ఒక్కో నంబర్ చెప్తారు, అవన్నీ ఎక్కడో ఒకచోట పుట్టినవే. 1976లో బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో పియర్సన్, వీవర్ అనే ఇద్దరు డాక్టర్లు 12 గంటల్లో పది కదలికలు రావాలి అనే చార్ట్ ప్రచారంలోకి తెచ్చారు. మన దగ్గర చాలామంది డాక్టర్లు చెప్పేది, మూడు పూటలా తిన్నాక ఒక గంట లెక్కపెట్టండి, గంటకి కనీసం మూడు రావాలి అని. బ్రిటన్ గైడ్‌లైన్ 2011లో ఏం చెప్పిందంటే, అనుమానం వస్తే ఎడమవైపు తిరిగి పడుకుని రెండు గంటలు దాని మీదే ధ్యాస పెట్టండి, పది కూడా రాకపోతే వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయండి అని.

మీ డాక్టర్ ఏ నంబర్ చెప్పారో అదే ఫాలో అవ్వండి. దాంతోపాటు ఇంకో విషయం పట్టుకోండి. మా టీంలో సర్వర్‌కి అలర్ట్ పెట్టడానికి రెండు పద్ధతులు ఉండేవి. ఒకటి, సీపీయూ 90 శాతం దాటితే ఫోన్ మోగాలి. అన్ని సర్వర్లకీ ఒకే గీత. రెండోది, ఈ సర్వర్ మామూలుగా ఈ టైంకి ఎట్లా ఉంటుందో గుర్తుపెట్టుకుని, దానికి తేడా వస్తే మోగాలి. బిడ్డ విషయంలో ఈ రెండోది చాలా ముఖ్యం. రోజూ రాత్రి 15 నిమిషాల్లో పది తన్నులు తన్నే బిడ్డ, ఈరోజు పది తన్నడానికి గంటా యాభై నిమిషాలు తీసుకుంది అనుకోండి. నంబర్ ప్రకారం పాస్. కానీ ఆ బిడ్డ లెక్కన చూస్తే పెద్ద తేడా. అప్పుడు వెళ్లాల్సిందే. తన్ను, దొర్లడం, ఒత్తడం అన్నీ కదలికలే. వెక్కిళ్లు మాత్రం లెక్కలోకి రావు.

లెక్కపెడితే చాలు అందరూ బతికేస్తారా? దీని మీద పెద్ద పెద్ద పరీక్షలే జరిగాయి. 1989లో లాన్సెట్ పత్రికలో వచ్చిన స్టడీలో సుమారు 68 వేల మంది గర్భిణులు ఉన్నారు. రోజూ చార్ట్ నింపించిన గుంపులో మరణాలు తగ్గలేదు. 2018లో బ్రిటన్, ఐర్లాండ్‌లలో 4 లక్షలకు పైగా కాన్పుల మీద ఇంకో స్టడీ వచ్చింది. తల్లులకి అవగాహన కల్పించి, ఆసుపత్రులకి ఒక పద్ధతి పెట్టారు. 1000కి 4.40 ఉన్న మరణాలు 4.06 అయ్యాయి, కానీ ఆ తేడా గట్టిగా నమ్మేంతది కాదు. పైగా సిజేరియన్లు పెరిగాయి. ఇది దాచిపెట్టి "లెక్కపెట్టండి, సేఫ్" అని చెప్పడం నాకిష్టం లేదు. నాకర్థమైంది ఏందంటే, కాగితం మీద గీతలు గీయడం వైద్యం కాదు. గమనించడానికీ, ఆసుపత్రి మంచం ఎక్కడానికీ మధ్య పోయే గంటలు, అక్కడ మనం చేయగలిగింది ఉంది.

ఆ గంటలు ఎట్లా పోతాయో మా ఇంట్లోనే చూశా. మా అక్క కాన్పుకి పుట్టింటికొచ్చింది. 35వ వారం. రాత్రి అన్నం తిన్నాక తొమ్మిదిన్నరకి బిడ్డ రోజూ గొడవ చేసేది. ఆరోజు చప్పుడు లేదు. మా అవ్వ అంటుంది, "దానికి తిరిగేదానికి చోటు యాడుండాది, నెమ్మదిస్తాదిలే." అమ్మ చక్కెర నీళ్లు కలిపింది. నాయన, "పొద్దున్నే ఫస్ట్ టోకెన్ తీసుకుందాం" అన్నాడు. బావ ఫోన్‌లో బెంగళూరు నుంచి, "నువ్వు ఊరికే టెన్షన్ పడతావ్." అందరూ ప్రేమతోనే మాట్లాడుతున్నారు. కానీ ఆ బిడ్డని నెలల తరబడి లోపల్నుంచి తెలిసిన మనిషి ఆ ఇంట్లో ఒక్కతే ఉంది. ఆమె ఒకటే మాట అంది, "ఇది వేరేగా ఉందిరా." నేను ఆటో పిలిచా. రాత్రిపూట ఇక్కణ్ణుంచి తిరుపతి ఎంతసేపు, పది కిలోమీటర్లు.

అక్కడ ఏం చేస్తారంటే, భయపడేదేమీ లేదు. ఎన్ఎస్టీ అనే టెస్ట్. పొట్టకి రెండు బెల్టులు కడతారు. ఒకటి బిడ్డ గుండె వేగం, ఇంకోటి గర్భసంచి బిగుసుకోవడం చూస్తుంది. గుండె నిమిషానికి 110 నుంచి 160 మధ్య ఉండాలి. కదిలినప్పుడు ఆ వేగం కాసేపు పెరగాలి, 20 నిమిషాల్లో రెండుసార్లయినా. సూది లేదు, నొప్పి లేదు. మా అక్కకి మొదటి 20 నిమిషాల్లో ఏమీ రాలేదు, బిడ్డ నిద్రపోతోంది. నర్సు ఇంకో 20 నిమిషాలు పొడిగించింది. అప్పుడు లేచింది మా రౌడీ. తర్వాత ఉమ్మనీరు స్కాన్ చేశారు, అంతా ఓకే. డ్యూటీ డాక్టరమ్మ చెప్పింది, "ఊరికే వచ్చాం అనుకోకండి. మళ్ళీ అనిపిస్తే మళ్ళీ రండి." ఈ రెండో మాట గుర్తుపెట్టుకోండి. "మొన్ననే కదా పొయ్యొచ్చింది" అని రెండోసారి ఆగిపోయేవాళ్లు చాలామంది. రెండోసారి తగ్గిందంటే డాక్టర్లు ఇంకా సీరియస్‌గా తీసుకుంటారు.

ఇక చక్కెర నీళ్లు, చల్లనీళ్లు, పొట్ట మీద టార్చ్ లైట్. తాగితే తప్పులేదు, ఆకలిగా ఉంటే తినండి. కానీ ఇవి టెస్టులు కాదు. జ్యూస్ తాగాక ఒక్కసారి కదిలిందని ఇంట్లోనే ఉండిపోవద్దు. ఫోన్ మైక్‌తో బిడ్డ గుండె వినిపిస్తాం అనే యాప్‌లు డిలీట్ చేసేయండి. ఆన్‌లైన్‌లో దొరికే చిన్న డాప్లర్ మిషన్‌తో కూడా ఇదే తలనొప్పి. మీకు వినిపించేది మీ రక్తనాళం చప్పుడే అయి ఉండొచ్చు. నిజంగా బిడ్డ గుండే అయినా, అది కొట్టుకుంటోంది అంటే బిడ్డ బాగుంది అని అర్థం కాదు. కదలికలు రాసుకునే యాప్ మాత్రం వాడుకోవచ్చు, అది డైరీ లాంటిది. గ్రీన్ టిక్ వచ్చినా మీ మనసు ఒప్పుకోకపోతే, మనసు మాటే వినండి.

మన చుట్టుపక్కల ఎలక్ట్రానిక్స్ కంపెనీల్లో పనిచేసే అక్కాచెల్లెళ్లకి ఒక మాట. నడుస్తూ, నిలబడి పనిచేస్తూ ఉన్నప్పుడు బిడ్డ కదలికలు అంతగా తెలియవు. షిఫ్ట్ అంతా గుర్తులేదు అంటే అది మీ నిర్లక్ష్యం కాదు. ఇంటికొచ్చాక పక్కకి తిరిగి పడుకుని కాసేపు గమనించండి. 28 వారాల తర్వాత వెల్లకిలా పడుకోకుండా పక్కకి పడుకోవడం మంచిది. వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు పెద్ద రక్తనాళం మీద పడుతుంది. 2017 సవరణ తర్వాత చట్టం ప్రకారం మొదటి ఇద్దరు బిడ్డలకి 26 వారాల సెలవు ఉంది, అందులో 8 వారాలు కాన్పుకి ముందే తీసుకోవచ్చు. అర్హత ఉందేమో మీ హెచ్ఆర్‌ని అడగండి.

ఇప్పుడు మగవాళ్లకి. మీ పని చాలా సింపుల్. తల్లీబిడ్డల కార్డు, స్కాన్ రిపోర్టులు ఒకే కవర్లో తలుపు దగ్గర పెట్టండి. ఆసుపత్రి లేబర్ రూమ్ నంబర్, తెలిసిన ఆటో అన్న నంబర్, ఆశా అక్క నంబర్ సేవ్ చేయండి. 108 ఎట్లాగూ ఉంది. డబ్బు గురించి ఆలోచించి ఆగొద్దు, తిరుపతిలో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉంది. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకి ఉచిత చెకప్ ఉంటుంది, ఆరోజు డాక్టర్ని అడగండి, "కదలిక తగ్గితే రాత్రిపూట ఎక్కడికి రావాలి?" అని. రక్తం కనిపించినా, ఉమ్మనీరు కారినా, తలనొప్పితో కళ్లు మసకబారినా అసలు లెక్కపెట్టే పనే పెట్టుకోవద్దు, నేరుగా వెళ్లిపోండి. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, కవలలు ఉన్నవాళ్లు మీ నంబర్ ఏంటో డాక్టర్నే స్పెషల్‌గా అడగండి.

ఆమె "తేడాగా ఉంది" అంటే "నిజమేనా?" అని అడగొద్దు. బండి తాళం తీసుకోండి.

మీ డాక్టర్ మీకు ఏ లెక్క చెప్పారో కింద రాయండి, గంటకి మూడా, రెండు గంటల్లో పదా. మా అవ్వ కూడా ఈ వీడియో చూస్తాది, ఆమెకి కోపం వస్తే వచ్చే ఎపిసోడ్‌లో ఆమెనే కూర్చోబెడతా. ఉంటా మరి.