విరళ మృత్తికా లోహముల విచిత్ర స్వభావము

గడోలినియమను విరళ మృత్తికా లోహపు ముక్కను మీ ఊరి వేసవి ఎండలో అయస్కాంతము చెంత నుంచినచో అది ఇనుమువలె అంటుకొనదు; అదే ముక్క పుష్యమాసపు వేకువజామున, వేడిమి 20 డిగ్రీలకు దిగువకు జారిన వేళ, చటుక్కున అంటుకొనును. ఆ మేరయే దాని క్యూరీ ఉష్ణోగ్రత. ఆ ఉష్ణోగ్రత చెంతనే ఆ లోహములో ధ్వని పయనించు వేగమును, దానితోపాటు స్థితిస్థాపకతయు మార్పు చెందుట నాకు మిక్కిలి అబ్బురము గొలుపును.

ఇంతకన్న విచిత్రమైనవి టెర్బియము, డిస్ప్రోసియము. వీని పరమాణుగర్భమున లోతుగానున్న ఎలక్ట్రాను మేఘము గుండ్రముగా నుండక, అయస్కాంత క్షేత్రము మరలిన దిక్కునకు తానును మరలుచు, ఇరుగుపొరుగు పరమాణువులను నెట్టును. ఈ రెంటిని ఇనుముతో కలిపిన టెర్ఫెనాల్-డి కడ్డీ, మీటరు పొడవున్నచో, అయస్కాంత క్షేత్రములో మిల్లీమీటరుకు మించి సాగగలదు. సముద్రగర్భమున ధ్వని పుట్టించు సోనారు పరికరములకై అమెరికా నౌకాదళ ప్రయోగశాల దీనిని రూపొందించినది.

మన హైదరాబాదున, కంచన్‌బాగులోని రక్షణ లోహ పరిశోధనశాల శాస్త్రజ్ఞులు, కరగిన ఈ మిశ్రలోహమును ఒకే దిశగా మెల్లగా గడ్డకట్టించి, స్ఫటికములు వరుసదీరి నిలుచునట్లు చేయు విధానమును పరిశోధించిరి. అట్లే ఉస్మానియా విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రజ్ఞులు విరళ మృత్తికా మాంగనైటులనెడు మాంగనీసు ఆక్సైడులలోనికి అతిధ్వనులను పంపి వాని స్థితిస్థాపకతను కొలిచిరి.