ముందు లెక్కలో, తరువాత అమలులో
(పాల సంఘాల అధ్యక్ష, కార్యదర్శుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హైటెక్ సిటీ అనగానే 1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్ గుర్తుకు వస్తుంది. కంప్యూటర్లతో పాడి రైతుకు పనేమిటని కొందరు మమ్మల్ని అడుగుతుంటారు. ఆ ప్రాంతానికి ఉత్తరాన, ప్రగతినగర్‌లో, ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉన్నది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత, 2007 అక్టోబరులో అక్కడ సునామీ హెచ్చరిక కేంద్రం మొదలయింది. ఎక్కడ ఎంత భూకంపం వస్తే ఏ తీరానికి ఎంత అల వస్తుందో ముందుగానే కంప్యూటరులో లెక్కగట్టి ఉంచుకున్నారు. దీనినే సిమ్యులేషన్ అంటారు. భూకంపం రాగానే దానికి దగ్గరి లెక్కను తీస్తారు. ఆపైన సముద్రంలోను, తీరంలోను ఉన్న పరికరాలు చూపే నీటిమట్టంతో సరిచూస్తారు.

2012 ఏప్రిల్ 11న సుమత్రా వద్ద 8.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. అంకె పెద్దదే. కాని సముద్రపు అడుగు పైకి లేవక పక్కకు జరగడం వల్ల వచ్చిన అలలు చిన్నవి. ఒక్క అంకెను పట్టుకొని ఫలితం తేల్చరాదని దీనివల్ల తెలుస్తున్నది.

ఇక మన సంగతి. సేకరణ ధర పెంచగానే నెల తిరగకుండా సంఘానికి వచ్చే పాలు పెరుగుతాయి. పథకం నెగ్గిందని రాసుకుంటాము. కాని గేదె చూడి నిలిచాక ఈనడానికే సుమారు 10 నెలలు పడుతుంది. మేపు పెంచితే కొంత పెరగవచ్చు. మిగిలినవి ఎక్కడివి? వాడుక ఇళ్లకు పోసేవో, ఇంట్లో పిల్లలకు ఉంచినవో అయి ఉంటాయి. పిల్లల గ్లాసు ఖాళీ చేసి సంఘం క్యాను నింపితే అది ప్రగతి కాదు.

కనుక ఏ నిర్ణయమైనా ముందు కాగితం మీద నడిపి చూడాలని మా మనవి. పాలిచ్చే గేదెలెన్ని, చూడివెన్ని, వట్టిపోయినవెన్ని, ఇంటి వాడకమెంత అన్నది రాసి, 12 నెలలకు నెలవారీగా లెక్క వేయండి. దాణా ధర పెరిగితే ఏమవుతుందో మరోసారి వేయండి. తరువాత ప్రతి నెలా అసలు సేకరణతో సరిచూడండి. తేడా వస్తే కార్యదర్శిని నిందించక, కారణం వెదకండి. లెక్క తప్పితే కాగితం చించి మళ్లీ రాసుకోవచ్చు. నష్టానికి అమ్ముకున్న గేదెను తిరిగి తెచ్చుకోలేము.

ఇందుకు ఒక నోటుబుక్కు, పెన్సిలు చాలు. వచ్చే సర్వసభ్య సమావేశం నాటికి ప్రతి సంఘం ఈ లెక్కతో రావాలని కోరుతున్నాము.