ఓడ తేదీ
(మాడుగులలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మాడుగుల వచ్చి ఓడల గురించి మాట్లాడటమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. ఇక్కడి నుంచి కొండలు కనిపిస్తాయి గానీ సముద్రం కనిపించదు. అయినా ఈ చుట్టుపక్కల ఆడవాళ్ళు ఎప్పుడు ఇల్లు చేరాలో, పిల్లలకు ఎప్పుడు అన్నం పెట్టాలో నిర్ణయించే వాటిలో ఓడ కూడా ఒకటి. ఈ మాట నాది కాదు. బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసే ఒకామె నాకు చెప్పింది. ఏ ఫ్యాక్టరీ అన్నది చెప్పను, ఇది ఒక్క కంపెనీ కథ కాదు కనుక. రాత్రి అంత ఆలస్యమెందుకయిందని అడిగాను. “ఓడెల్లిపోతాదంటమ్మా. పెట్టెలు కట్టీదాకా మమ్మల్ని ఒగ్గరు” అంది. పిల్లలతో విశాఖ బీచికి వెళ్ళినప్పుడు దూరంగా లంగరేసిన ఓడలు చూసి, “ఇందులో మాదేదో” అనుకుందట.

ఆ ఓడ ఎవరిది, దాని తేదీ ఎవరు పెట్టారు, అది తప్పితే నష్టం ఎవరిది? పరిశోధకులం వేతనాల గురించి, యాజమాన్యాల గురించి చాలా రాశాం. ఫ్యాక్టరీ గేటు దాటాక సరుకు ఏమవుతుందో పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు.

మన తీరానికి బట్టల ఎగుమతి కొత్త కాదు. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు భీమునిపట్నంలో, 1682లో ఈస్టిండియా కంపెనీ విశాఖపట్నంలో స్థావరాలు పెట్టుకున్న కారణాల్లో గుడ్డ ఒకటి. మగ్గం మీద కూర్చున్న మగవాడిని చరిత్ర ‘నేతగాడు’ అంది. అతనికి నూలు వడికి ఇచ్చిన ఆడవాళ్ళకు ఆ పాటి పేరు కూడా దక్కలేదు. ఇప్పుడు మిషను ముందు కూర్చున్నది ఆడవాళ్ళే. అచ్యుతాపురంలో శ్రీలంకకు చెందిన బ్రాండిక్స్ సంస్థ వెయ్యెకరాల్లో నెలకొల్పిన వస్త్రనగరంలో కార్మికుల్లో అత్యధికులు స్త్రీలు, చాలామంది పల్లెల నుంచి వచ్చేవాళ్ళు. ధనిక దేశాలు దిగుమతులపై కోటాలు పెట్టుకున్న బహుళ నూలు ఒప్పందపు పద్ధతి 2005 జనవరి 1తో పూర్తిగా ముగిసింది. అదే ఏడాది మన ప్రత్యేక ఆర్థిక మండళ్ళ చట్టం వచ్చింది. ఈ రెండూ కలిసి తెరిచిన దారిలోనే ఇలాంటి నగరాలు వచ్చాయి.

ఇక సరుకు సంగతి. కుట్టిన బట్ట తనిఖీ అయ్యాక లోహపు ముక్కలను పట్టే యంత్రం గుండా వెళుతుంది. సూది విరిగితే ప్రతి ముక్కా వెతికి, రిజిస్టరులో అతికించాలి. ముక్క దొరక్కపోతే ఆ బట్టలు పక్కన పెట్టేస్తారు. ఎక్కడో కొనుక్కున్నవాళ్ళకు గుచ్చుకోకూడదు కదా! న్యాయమే. ఆ సూదే కుట్టేవాళ్ళ వేలికి గుచ్చుకుంటే ఎంతమంది రాసిపెడతారో మీరు అడిగి చూడండి. తర్వాత అట్టపెట్టెలు. సముద్రం మీద తేమకు బూజు పట్టకుండా చెమ్మ పీల్చే పొట్లాలు. అక్కడి నుంచి నలభై అడుగుల కంటైనరు, సీలు, లారీ, రేవు. తూర్పు తీరం నుంచి వెళ్ళే కంటైనర్లలో చాలావాటిని కొలంబో, సింగపూర్ లాంటి చోట్ల పెద్ద ఓడల్లోకి మారుస్తారు. ఇక్కడి చిన్న ఓడ తప్పితే అక్కడి పెద్ద ఓడా తప్పుతుంది.

ఈ వ్యాపారంలో ఎక్కువగా నడిచే షరతును ఎఫ్.ఓ.బి. అంటారు. సరుకు ఓడెక్కేదాకా ఖర్చూ బాధ్యతా అమ్మేవాడివి. ఎక్కాక కొనేవాడివి. చాలాసార్లు ఓడ ఏర్పాట్లు చూసే ఏజెంటును కొనే కంపెనీయే నియమిస్తుంది, ఓడ కిరాయి అదే కడుతుంది, ఏ తేదీలోగా సరుకు ఎక్కాలో అదే చెబుతుంది. ఆ తేదీ దాటితే తరచుగా పడే శిక్ష ఏమిటంటే, సరుకును విమానంలో పంపాలి, ఆ ఖర్చు కుట్టించినవాడే భరించాలి. విమాన కిరాయి ఓడ కిరాయికి ఎన్నో రెట్లు. మొత్తం లాభం అందులోనే కొట్టుకుపోవచ్చు. అందుకని మేనేజరు సూపర్‌వైజరు మీద, అతను లైను మీద పడతాడు. గుడ్డ ఆలస్యంగా వచ్చినా, కొనేవాళ్ళు ఆఖరి నిమిషంలో రంగు మార్చినా, పోయిన రోజుల్ని తిరిగి సంపాదించగల చోటు ఒక్కటే: కుట్టుమిషను ముందున్న స్త్రీ సాయంత్రం.

2023 చివర ఎర్రసముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక ఐరోపా వెళ్ళే ఓడలు చాలావరకు సూయెజ్ వదిలి ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్ళాయి. దాదాపు పది రోజుల నుంచి రెండు వారాల దాకా అదనపు ప్రయాణం. దుకాణంలో బట్ట వేలాడాల్సిన రోజు మారకపోతే ఆ రోజులు ఎక్కడి నుంచి తేవాలి? కొనేవాళ్ళు ముందుగా ఆర్డరివ్వాలి. ఇవ్వకపోతే కుట్టే రోజులే తగ్గుతాయి. యుద్ధం ఎర్రసముద్రంలో, తెమలని వంట మన ఇంట్లో.

ఓవర్‌టైంకు రెట్టింపు వేతనమని 1948 ఫ్యాక్టరీల చట్టం 59వ సెక్షను చెప్పింది. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కార్మిక భద్రత కోడ్‌లోనూ ఆ మాట ఉంది. ఓవర్‌టైంకు కార్మికురాలి సమ్మతి ఉండాలని, రాత్రి ఏడు దాటాక స్త్రీల చేత పని చేయించాలన్నా వారి సమ్మతి కావాలని కూడా ఉంది. కాగితం మీద బాగానే ఉంది. ఇందాక చెప్పిన ఆమెను ఇదే అడిగాను, నువ్వు ఒప్పుకున్నావా అని. నవ్వింది. “బస్సు కదల్దు కదమ్మా, ఒప్పుకోక ఏటి సేత్తాను?” అంది. కంపెనీ బస్సు ఓవర్‌టైం అయ్యాకే బయలుదేరుతుంది. ఆ రాత్రివేళ ఒంటరిగా అనకాపల్లిలో ఒక బస్సు, చోడవరంలో మరొక బస్సు మారి ఏ ఆడమనిషి ఇంత దూరం వస్తుంది? ఆమె సమ్మతి బస్సు తాళంచెవితో పాటు డ్రైవరు జేబులో ఉంది. సమ్మతి అనే మాటను పెళ్ళి విషయంలో, శరీరం విషయంలో మనం ఎంతో చర్చించాం. ఇక్కడ ఆ చర్చ ఇంకా మొదలే కాలేదు.

2022 జూన్ 3న, మళ్ళీ ఆగస్టు 2న అచ్యుతాపురం వస్త్రనగరంలోని సీడ్స్ యూనిట్‌లో విషవాయువు పీల్చి, రెండుసార్లూ వందకు పైగా స్త్రీలు ఆసుపత్రి పాలయ్యారు. రెండు నెలల్లో రెండోసారి! ఆ వార్తలు చదివినప్పుడు నాకు ఒకటే ప్రశ్న. గాలి బాగాలేదనిపిస్తే మిషను ఆపి లేచి బయటికి నడిచే హక్కు ఆమెకుందా? సొంత సాయంత్రం మీదే హక్కు లేని మనిషికి ఆ హక్కు ఎలా వస్తుంది?

బాయ్‌కాట్ చేద్దామని పట్నాల్లో మిత్రులు అంటూంటారు. నేను ఒప్పుకోను. 2020 మార్చిలో కరోనా పేరు చెప్పి విదేశీ బ్రాండ్లు ఆర్డర్లు ఆపేసినప్పుడు ఒక్క బంగ్లాదేశ్‌లోనే సుమారు 300 కోట్ల డాలర్ల సరుకు ఆగింది. రోడ్డున పడ్డది కుట్టినవాళ్ళు. ఈ జీతం వల్లే కొందరమ్మాయిలు పదహారో ఏట పెళ్ళి తప్పించుకున్నారన్న సంగతి మీకు నాకంటే బాగా తెలుసు.

మనం చేయగలిగింది చిన్నది, కానీ ఎవరూ చేయనిది. ప్రతి ఊళ్ళో ఇద్దరు ముగ్గురు కార్మికురాళ్ళు ఒక నోటు పుస్తకం పెట్టుకోవాలి. ఏ రోజు ఎన్ని గంటలకు వదిలారు, బస్సు ఎప్పుడు కదిలింది, ముందు రోజు చెప్పారా అప్పటికప్పుడు చెప్పారా, జీతం చీటీలో ఆ గంటలు రెట్టింపు లెక్కన పడ్డాయా. కంటైనరు ఓడల రాకపోకలు రహస్యం కాదు, ముందే ప్రకటిస్తారు. ఆరు నెలలకు రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం. ‘అత్యవసరం’ అని చెప్పేది నెలకు నాలుగుసార్లు, ఓడకొకసారి వస్తుంటే అది అత్యవసరం కాదు, పద్ధతి. అప్పుడు లేబరు ఆఫీసులో అడగవలసింది కూడా తేలుతుంది: రోజూ మామూలు సమయానికి ఒక బస్సు కదలాలి, ఉన్నవాళ్ళ కోసం రెండో బస్సు వేరే ఉండాలి.

నేను ఇది చెప్పినప్పుడు ఆమె అడిగింది, పుస్తకం ఎక్కడ దాచాలి అని. ఫ్యాక్టరీలోకి తీసుకెళ్ళనివ్వరు, ఇంట్లో మొగుడు చూస్తే ఊరుకోడు. రాసేది బస్సులోనే, కూర్చోవడానికి సీటు దొరికితే. పుస్తకం ఎవరి దగ్గర ఉంచాలన్నది ఈ సమావేశంలో తేల్చుకుందాం.