కారు కొనుటకు తగిన కాలము



ముప్పది యేండ్లకు పైగా బడిలో పాఠములు చెప్పి విశ్రాంతి గొన్న పిదప మా గ్రామమున నాకు మిగిలిన పని ముహూర్తములు చూచుట. పూర్వము పెండ్లికిని, గృహప్రవేశమునకును అడుగ వచ్చెడివారు. ఇప్పుడు కారు కొనుటకును వచ్చుచున్నారు. వారికి నేను చెప్పు మాట యొకటే. కారును ఇంటికి తెచ్చుటకు ముహూర్తము వేఱు. బేరమాడుటకు ముహూర్తము వేఱు. మొదటిది పంచాంగమున నున్నది. రెండవది అమ్మువాని లెక్కల పుస్తకమున నున్నది. ఈ రెంటిని ఒకటిగా నెంచుటచేతనే మనవారు వేలకు వేలు పోగొట్టుకొనుచున్నారు.

అమ్మువాని స్థితి నించుక విచారింపుడు. డీలరు కార్లను సాధారణముగా బ్యాంకు అప్పుతో తెచ్చి నిలుపుకొనును. అమ్ముడుపోని కారుపై దినదినము వడ్డీ పెరుగుచుండును. నెలకిన్ని అమ్మవలెనని కంపెనీ యొక లెక్క నేర్పరచును. దసరాకును, ధనత్రయోదశికిని, ఉగాదికిని జనము తమంత తామే వచ్చి నిలుచుచుండగా నతడు ధర తగ్గింప నేల? ఆషాఢమునందును, మహాలయ పక్షమునందును మనవారు శుభకార్యములు చేయరు. అప్పుడు దుకాణము బోసిపోవును. అట్టి మాసమున, నెల చివరి వారములో, వెళ్లి బేరమాడినచో అతని పట్టు సడలుట సహజము. బేరము ఆషాఢమున ముగించి, కారును శ్రావణమున శుభదినమున తెచ్చుకొనవచ్చును. శాస్త్రమునకు లోపము లేదు, ధనమునకును లోపము లేదు.

అయితే ఒక జాగ్రత్త వలయును. ముందుగా కొంత సొమ్ము కట్టించుకొను కాగితములలో, కారు నప్పగించు నాటి ధరయే చెల్లునని తరచుగా వ్రాసియుందురు. కావున నడుమ ధర పెరిగినను తాను పాత ధరకే యిత్తునని డీలరుచేత వ్రాయించుకొనవలెను. నోటిమాట నీటిమూట.

ఇక సంవత్సరాంతము. ధనుర్మాసము డిసెంబరు నడుమ మొదలై సంక్రాంతితో ముగియును. ఆ రోజులలోనే డీలర్లు ఆ యేటి కార్లను వదలించుకొన చూతురు. ఏలయన, కారు తయారైన నెలయు, సంవత్సరమును రిజిస్ట్రేషను పత్రమున నుండును. జనవరి వచ్చినంతనే అది నిరుటి బండి యగును. మఱల అమ్మునాడు కొనువాడు మొదట చూచునది ఆ సంవత్సరమునే. కావున పది పండ్రెండేండ్లు వాడువానికి డిసెంబరు తగ్గింపు లాభము. రెండు మూడేండ్లలో మార్చువానికి ఆ తగ్గింపు చాలవరకు తరుగుదలలోనే హరించిపోవును. జనవరిలో పెక్కు కంపెనీలు ధర పెంచుట పరిపాటి యను సంగతియు మఱువరాదు.

కాలభేదముచే ధర యెంత మారునో 2025వ సంవత్సరము స్పష్టముగా చూపినది. ఆగస్టు 15న ప్రధానమంత్రి ఎఱ్ఱకోటనుండి జీఎస్టీ తగ్గింపును సూచించిరి. సెప్టెంబరు 3న జీఎస్టీ మండలి దానిని నిశ్చయించెను. సెప్టెంబరు 22న, శరన్నవరాత్రుల తొలినాడు, అది అమలులోనికి వచ్చెను. నాలుగు మీటర్ల పొడవును, 1200 సీసీ ఇంజనును మించని పెట్రోలు కార్లపై, సెస్సుతో కూడి 29 శాతముగా నున్న పన్ను 18 శాతమయ్యెను. పన్ను లేని ధర 5 లక్షలనుకొందము. పాత పన్నుతో 6,45,000 రూపాయలు. క్రొత్త పన్నుతో 5,90,000. భేదము 55,000! రాష్ట్రమునకు కట్టు జీవితకాలపు పన్ను కూడ ధరను బట్టియే యుండును గనుక అదియు కొంత తగ్గును. వార్త విని ఓపిక పట్టినవానికి ఆ ఓపికయే ధనమైనది. వార్తాపత్రిక చదువుటయు ముహూర్తము చూచుటలో భాగమే.

అన్నిటికంటె ముఖ్యమైన కాలము మన చేతి సొమ్ము కాలము. సార్వా పంట ఇంటికి రాకమునుపే, పండుగ వేడుకకై 6 లక్షలు అప్పు చేసినవాడు, నూటికి 9 వంతున అయిదేండ్ల వాయిదాలపై, వడ్డీయే ఇంచుమించు 1,47,000 కట్టవలెను. పంట అమ్మిన 2 లక్షలు ముందు చెల్లించి 4 లక్షలే అప్పు తెచ్చినచో వడ్డీ సుమారు 98,000. అనగా మూడు నెలల నిదానము 49,000 రూపాయలను మిగిల్చినది. ఇంత లాభమును ఏ పండుగ తగ్గింపు ఈయగలదు?

నిదానమే ప్రధానమని మన పెద్దలనిరి. ఆలస్యం అమృతం విషమనియు వారే యనిరి. రెండును సత్యములే. ఇంట రోగి యుండి, మాటిమాటికి పట్టణపు ఆసుపత్రికి తీసికొనిపోవలసినవానికి, తగ్గింపుకై వేచియుండుమని నేను చెప్పను. వానికి నేడే శుభదినము. పొరుగువాడు కొనెనని కొనువానికి మాత్రము ఏ ముహూర్తమును నేను పెట్టను. అక్కఱ యెఱిగి, సొమ్ము కూర్చుకొని, అమ్మువానికి అవసరమైన నాడు బేరమాడి, మనకు శుభమైన నాడు కారు తెచ్చుకొనుట వివేకము. మీ యింటి చిన్నవారు తొందరపడునప్పుడు ఈ లెక్క వారికి వేసి చూపుడు.