విమానవిద్యయు సామాన్య సంసారమును



‘ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు’ అని పెద్దలన్నారు. బిడ్డకు విమానము నడుపుట నేర్పించి చూడు అను మూడవ పరీక్ష ఈ కాలమున కొన్ని ఇండ్లలోనికి వచ్చినది. మాయాబందరులో హెలికాప్టరు దిగినప్పుడెల్ల పరుగున పోయి చూచు పిల్లలలో ఒకరికి ఈ కోరిక పుట్టుటలో వింత లేదు. అది వినగనే కొందరు తల్లిదండ్రులు ‘మనకెక్కడిది’ అని బిడ్డ నోరు మూయింతురు. కొందరు లెక్క చూడక పొలమమ్మి పంపుదురు. రెండును తొందరపాటులే.

ఇది గుమాస్తా బిడ్డకు అందని పండు కాదనుటకు నిదర్శనము కలదు. సైన్యములో పనిచేసిన తండ్రికి జన్మించి, విజయవాడలో పెరిగిన అనీ దివ్య పదునేడవ యేట రాయబరేలి ప్రాంతమునందలి ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీలో చేరినది. ఆ చదువునకై ఇంటివారు అప్పు చేయవలసివచ్చినది. 2017 నాటికి, ముప్పది యేండ్ల వయస్సున, ఆమె బోయింగు 777 విమానమునకు కమాండరయ్యెను. అంతకు ఎంతో ముందు, 1947లోనే వాణిజ్య పైలటు లైసెన్సు పొందిన ప్రేమ్ మాథుర్ హైదరాబాదునందలి డెక్కన్ ఎయిర్‌వేస్‌లో విమానములు నడిపినది. మార్గము కలదు, కాని సుంకము హెచ్చు.

ఆ సుంకమును చూతము. వాణిజ్య పైలటు లైసెన్సునకు పదునెనిమిదేండ్లు నిండవలెను, 200 గంటలు ఎగురవలెను. పెట్రోలు, విమానము, శిక్షకుడు, వసతి అన్నియు కలిపి సుమారు 50 లక్షలగునని అనుకొందము. ఒక కుటుంబము 15 లక్షలు కూడబెట్టినది; తక్కిన 35 లక్షలు నూటికి పది వడ్డీ చొప్పున పదునైదేండ్లకు తెచ్చినది. నెలకు వాయిదా సుమారు 37,600 రూపాయలు. చేతికి 60,000 వచ్చు ఇంటిలో మిగులునది 22,400 మాత్రమే. అందులో బియ్యము, తమ్ముని చదువు, స్వగ్రామములోని ముసలివారి మందులు, సెలవులలో ఓడ ఖర్చులు అన్నియు జరుగవలెను. చదువు సాగు కాలమున వాయిదా లేకున్నను వడ్డీ ఊరకుండదు. ఏడాదికి మూడున్నర లక్షలు పెరుగుచునే యుండును.

కావున మొదటి రూపాయి రుసుమునకు కాక వైద్యపరీక్షకు వెచ్చించుట మేలు. కంటిలోగాని చెవిలోగాని దోషమున్నచో లక్షలు కట్టిన పిమ్మట తెలియుటకంటె ముందే తెలియుట నయము. రెండవది, నావిగేషన్, వాతావరణశాస్త్రము, వాయుయాన నిబంధనలు మొదలగు పరీక్షలకు ఇంట నుండియే చదువవచ్చును. అవి దాటిన బిడ్డ పట్టుదల రుజువగును. మూడవది, రుసుము మొత్తమును ఒక్కసారి చెల్లింపక, ఎగిరిన గంటలనుబట్టి విడతలుగా చెల్లించు ఒప్పందము కోరవలెను.

ఉద్యోగికి కొన్ని ఆధారములును కలవు. 2004కు పూర్వము చేరినవారు పిల్లల చదువునకై భవిష్యనిధి నుండి నిబంధనలమేరకు తీసికొనవచ్చును. తరువాత జాతీయ పింఛను పథకములో చేరినవారు తమ సొంత చందాలలో నాల్గవవంతు వరకు తీయవచ్చును. పెద్ద మొత్తమునకు బ్యాంకులు సాధారణముగా తాకట్టు కోరును. అనగా, పాత ఇల్లు పణముగా పెట్టబడును. ఈ సంగతి ఇంటిలో అందరికిని తెలియవలెను. ముఖ్యముగా ఎగురబోవు బిడ్డకు.

లైసెన్సు చేతికి వచ్చుటతో ఉద్యోగము రాదు. విమానపు రకమునకు వేరు శిక్షణ, దానికి వేరు ఖర్చు. ఉద్యోగము ఆలస్యమైనచో లైసెన్సును చెల్లుబాటులో నుంచుటకును డబ్బు కావలెను. అందుచే ఏడాది వాయిదాలకు సరిపడు సొమ్ము విడిగా నుంచలేనివారు మరియొక తలుపు తట్టుట మంచిది. జాతీయ రక్షణ అకాడమీ, వాయుసేన ప్రవేశపరీక్షలు ఆ తలుపులే. అచ్చట శిక్షణ ఖర్చు ప్రభుత్వము భరించును. అకాడమీలో 2022 నుండి బాలికలకును ప్రవేశము కలదు. ఎన్‌.సి.సి. వైమానిక విభాగములో చిన్న విమానపు అనుభవము దొరకుటకును అవకాశము కలదు.

తుదకు ఒక మాట. ‘అప్పు చేసి పప్పుకూడు’ అను సామెత ఈ అప్పునకు సరిగా వర్తింపదు. ఇది తినివేయు అప్పు కాదు, నాటు అప్పు. కాని నాటిన ప్రతి విత్తును మొలవదు. కూతురి పెండ్లికని దాచిన సొమ్మును ఆమె కోరిన విద్యకే వెచ్చింప నిశ్చయించిన తల్లిదండ్రులు మెచ్చదగినవారు. తమ్ముని పాలు, ముసలివారి మందులు మాత్రము ముట్టరాదు. ఇంటిల్లిపాదియు ఒకచోట కూర్చుండి, ఒక కాగితముపై ఈ లెక్క వ్రాసికొని, బిడ్డచేతనే కూడించినచో, ఆమె ఆకాశమునకు పోయినను నేలను మరువదు. లెక్క కుదరక నిలిచిపోయినను, తనను ఎవరో ఆపిరని కాక తానే నిర్ణయించితినని తలచును. ఆ తృప్తి కూడ ఒక ఆస్తియే.