భుజాన సంచితో బ్యాంకాకు నుంచి సింగపూరు దాకా
(మన సంఘం వార్షిక సమావేశంలో ఒక దంపతులు చేసిన ప్రసంగ పాఠం)



వేదికెక్కి మాట్లాడటం మా ఇద్దరికీ అలవాటు లేని పని. కార్యదర్శిగారు "మీరు చూసొచ్చింది చెప్పండి చాలు, ఉపన్యాసం అక్కర్లేదు" అన్నారు. ఆ ధైర్యంతో వచ్చాం. ఇద్దరి తరఫునా ఒకరమే చదువుతున్నాం. ఎక్కడైనా "మాలో ఒకరు" అని వస్తే అది ఎవరని అడక్కండి. ఇంటికెళ్ళాక మాకు తగువులొస్తాయి.

2024 నవంబరులో మేము 19 రోజులు బ్యాంకాకు, పెనాంగు, కౌలాలంపూరు, మలక్కా, సింగపూరు తిరిగొచ్చాం. టూరు కంపెనీ లేదు, గైడు లేడు. వీపున తలా ఒక సంచి, ఒక్కొక్కటీ ఏడు కిలోలు. ఆ ఏడాది విశాఖపట్నం నుంచి బ్యాంకాకుకూ కౌలాలంపూరుకూ నేరుగా విమానాలు వేశారు. అంతకు ముందే 2023 నవంబరులో థాయిలాండు, డిసెంబరులో మలేషియా మనవాళ్ళని వీసా లేకుండా రానిచ్చాయి. రాజమండ్రిలో రైలెక్కి విశాఖలో దిగితే సగం ప్రయాణం అయిపోయినట్టే.

వెళ్ళేముందు బంధువులందరూ అడిగిన ప్రశ్న ఒకటే: "ఆ డబ్బుతో ఉమ్రా చేసి రావచ్చు కదా?" హజ్ కోసం దాచింది వేరే ఉందనీ, దాన్ని ముట్టుకోలేదనీ చెప్పాం. కొందరు నమ్మారు. రెండో ప్రశ్న ఆడవాళ్ళు అడిగింది: "ఈ వయసులో ఆ సంచీలేమిటి, మేనర్సు లేకుండా?" దీనికి మా దగ్గర జవాబు లేదు. సంచి చక్రాల పెట్టె కంటే తేలికని మాత్రం చెప్పగలం.

అసలు మా మనసులో ఉన్న ఊరు రంగూన్. మన పెద్దలు "రంగం" అనేవారు. "రంగం పోయాడు" అంటే డబ్బు సంపాదించడానికి సముద్రం దాటాడని అర్థం. కాకినాడ నుంచీ, అంతకు ముందు కోరంగి నుంచీ మన జిల్లాలవాళ్ళు వేలకొద్దీ ఓడలెక్కి బర్మా వెళ్ళారు. అక్కడ తెలుగువాడికి "కోరంగి" అనే పేరే పడిపోయింది. కోరంగి రేవు 1839 తుపానుకి దెబ్బతిని మళ్ళీ కోలుకోలేదు గాని, పేరు మాత్రం సముద్రం అవతల బతికింది. మాలో ఒకరి తాతగారు రంగూన్ బియ్యం మిల్లులో పనిచేశారు. 1941 డిసెంబరులో జపానువాళ్ళు బాంబులు వేశాక, 1942లో కొండలూ అడవులూ నడుచుకుంటూ వచ్చినవాళ్ళలో ఆయనా ఉన్నారు. ఆ నడక సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఒక బర్మా లక్క డబ్బా మాత్రం మిగిలింది, ఇప్పటికీ అందులో వక్కలు పోస్తాం. 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం తీసుకున్న దగ్గర్నుంచి ఆ దేశంలో యుద్ధం. మాలాంటివాళ్ళు సంచి వేసుకుని వెళ్ళే చోటు కాదు. బహదూర్ షా జఫర్ సమాధి కూడా అక్కడే ఉంది, అదీ చూడలేకపోయాం. సరే, పక్క ఒడ్డయినా చూద్దామని బయల్దేరాం.

బ్యాంకాకులో మొదటి మూడు రోజులూ బాగా లేవు. ఊరు బాగుంది, మేమే బాగా లేము. పెళ్ళయి 31 ఏళ్ళు. అత్తమామలు, ఆడబిడ్డలు, పిల్లలు, ఉద్యోగాలు. ఒక గదిలో ఇద్దరమే వరసగా మూడు రోజులు ఉన్నది మా జీవితంలో అదే మొదటిసారి. కూరగాయల ధర, పిల్లల ఫోను, మాత్ర వేసుకున్నారా, అంతే. ఆ తర్వాత మాటలు అయిపోయేవి. మూడో రోజున కాలువ రేవు దగ్గర పడవెక్కుదామని ఒకరు, టాక్సీ అని ఒకరు పట్టుబట్టి, పది అడుగులు ఎడంగా అరగంట నడిచాం. ఆఖరికి పడవే ఎక్కాం, టాక్సీ దొరక్క.

ఆ పడవ సంగతి చెప్పాలి. సేన్ సేబ్ అనే ఆ కాలువ 1837 నుంచి 1840 వరకు తవ్వారు, అంటే మన ధవళేశ్వరం ఆనకట్టకి కొంచెం ముందు. ఇప్పుడది ఆఫీసులకెళ్ళేవాళ్ళకి బస్సు లాంటిది. పడవ వేగంగా పోతుంటే మురికి నీళ్ళు ఎగిరి పడతాయి. పక్కన కూర్చున్నవాళ్ళు తాడు లాగి ప్లాస్టిక్ పరదా పైకెత్తాలి. కండక్టరు తలకి హెల్మెట్ పెట్టుకుని పడవ అంచు మీద, బయటివైపు నడుస్తూ టిక్కెట్లు కొడుతుంది. పాపికొండల లాంచీల్లో పెరిగినవాళ్ళం మేము, మాకే గుండె దడదడలాడింది. ఆ పరదా తాడు ఇద్దరం చెరో చేత్తో పట్టుకోవలసి వచ్చింది. మాటలు అక్కడ మళ్ళీ మొదలయ్యాయి.

ఆ కాలువ ఒడ్డునే బాన్ క్రువా అనే పేట ఉంది. అక్కడుండేది చాం ముస్లిములు. యుద్ధాల్లో సాయపడ్డందుకు మొదటి రామా రాజు కాలంలో వాళ్ళ పెద్దలకి ఆ స్థలం ఇచ్చారు. వాళ్ళది పట్టు నేత. కాలువకి అవతలి ఒడ్డున ఉన్న జిమ్ థాంప్సన్ అనే అమెరికా ఆయన రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వీళ్ళ చేత నేయించి థాయి పట్టుకి లోకమంతా పేరు తెచ్చాడు. ఆయన 1967లో మలేషియా కొండల్లో షికారుకెళ్ళి మాయమైపోయాడు, ఇంతవరకు ఆచూకీ లేదు. తర్వాత నేత తగ్గింది, మగ్గాలు కొద్దే మిగిలాయి. మన బండారులంక, పులుగుర్త గుర్తొచ్చాయి. కాని మమ్మల్ని నిలబెట్టింది మరో సంగతి. 1980ల చివర్లో ఆ పేట మీదుగా పెద్ద రోడ్డు దించాలని ప్రభుత్వం ప్రణాళిక వేసింది. పేటవాళ్ళు ఏళ్ళ తరబడి కాపలా కాశారు, అర్జీలు పెట్టారు, బహిరంగ విచారణకి పట్టుబట్టి సాధించారు. 1993 విచారణలో వాళ్ళదే పైచేయి అయింది. పేట నిలిచింది. ఇరుకు సందుల్లో పిల్లలు సైకిళ్ళు తొక్కుకుంటుంటే మేము గోడకి ఒత్తుకుని దారి ఇచ్చాం.

తిండి గురించి ఆడవాళ్ళు తప్పక అడుగుతారు గనుక చెబుతున్నాం. బ్యాంకాకులో "ఆహాన్ ఇస్లాం" అంటే హలాల్ భోజనం. ఈ రెండు మాటలూ వస్తే పస్తుండక్కర్లేదు. ప్యాకెట్ల మీద ఆకుపచ్చ హలాల్ ముద్ర చూసుకోవాలి. ఇంకొక సంగతి, సభలో చెప్పొచ్చో లేదో గాని చాలామందికి అదే బెంగ: మేము దిగిన ప్రతి చోటా మరుగుదొడ్లో నీళ్ళ గొట్టం ఉంది. చెంబు మోసుకెళ్ళక్కర్లేదు. మేము మోసుకెళ్ళాం. అందులో బట్టలు నానబెట్టాం.

బ్యాంకాకులో సాయంత్రం నాలుగు దాటాక రైలెక్కితే మర్నాడు ఉదయం ఎనిమిది ప్రాంతంలో సరిహద్దు ఊరు పదాంగ్ బెసార్. రైలు ఉద్యోగే వచ్చి పక్క పరిచి, దుప్పటి మడత విప్పి వెళ్ళాడు. మన రైల్లో లాగా కట్ట విసిరేసి పోలేదు. రెండు దేశాల ఇమిగ్రేషనూ ఒకే స్టేషనులో. ఇక్కణ్ణుంచి అక్కడికి నడిస్తే గడియారం గంట ముందుకి తిప్పుకోవాలి. అక్కణ్ణుంచి లోకల్ రైల్లో బటర్ వర్త్, దిగి ఫెర్రీ ఎక్కితే పెనాంగు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం దాటినట్టే ఉంటుంది, కాకపోతే ఇది సముద్రం.

పెనాంగులో దిగగానే భాష సగం వచ్చేసింది. మలయా భాషలో కుర్చీ "కెరూసి", సబ్బు "సాబూన్", అల్మారా "అల్మారి", లోకం "దునియా". బాగున్నారా అనడానికి "అపా ఖబర్". మన ఇళ్ళలో ఉర్దూ మాట్లాడే ముసలమ్మని అక్కడ వదిలితే రెండో రోజుకి బేరాలాడుతుంది. అంతకంటే వింత, రంజాను ఉపవాసాన్ని వాళ్ళు "పువాస" అంటారు. అది సంస్కృతం ఉపవాసమే. మసీదులో కూర్చుని ఆ మాట విన్నప్పుడు మాలో ఒకరు నవ్వు ఆపుకోలేకపోయారు.

అక్కడి కపితాన్ కెలింగ్ మసీదు 1801లో మొదలైంది. కెలింగ్ అనే మాట కళింగం నుంచి వచ్చిందంటారు. పూర్వం దక్షిణాదినుంచి వచ్చిన ప్రతివాణ్ణీ అలా పిలిచేవారు. ఇప్పుడు అక్కడ మనిషిని ఆ మాటతో పిలిస్తే తిట్టినట్టే, మీరెవరూ వాడకండి. అదే వీధిలో 1818 నాటి చర్చి, చైనావాళ్ళ గుడి, వెనక వీధిలో 1833 నాటి మారియమ్మ కోవెల. దేనికీ దేనికీ పది నిమిషాల నడక కూడా లేదు.

మసీదు చుట్టుపక్కల హోటళ్ళు తమిళ ముస్లిములవి. వాళ్ళ నాసి కందర్ తినకుండా రావద్దు. నాసి అంటే అన్నం, కందర్ అంటే కావడి. పూర్వం కావడిలో ఒకవైపు అన్నం, ఒకవైపు కూరలు మోసుకుంటూ అమ్మేవారు. అన్నం మీద నాలుగైదు పులుసులు కలిపి పోయమనడానికి "బంజిర్" అనాలి, అంటే వరద. వరద కోరి పోయించుకునే ఊరు అదొక్కటే చూశాం. చేపల పులుసు బాగుంది. పులస సంగతి వేరు, దాన్ని ఇందులోకి లాగం. వడ్డించే ఆయన తమిళంలో పలకరించాడు. మేము తెలుగన్నాం. "తెలుంగు ముస్లిమా?" అని లోపలున్న ఇద్దర్ని పిలిచి చూపించాడు. టీకి డబ్బు తీసుకోలేదు.

కౌలాలంపూరు రైలు నాలుగు గంటల పైచిలుకు. ఉడకబెట్టిన గుడ్లు ఇప్పుడు తిందామా దిగాక తిందామా అని మేము వాదించుకుంటుంటే వెనక సీట్లోంచి ఒక పెద్దావిడ "మీది ఏ ఊరండీ?" అంది. తెలుగులో! బొట్టు పెట్టుకుని ఉంది. మా ముసుగు చూసి మలయావాళ్ళనుకుందట. ఆవిడది పెరాక్ నది సముద్రంలో కలిసేచోట ఉన్న బాగాన్ దాతో వైపు. అక్కడి కొబ్బరి తోటల్లో పనికి తెల్లవాళ్ళ కాలంలో మనవాళ్ళు చాలామంది వెళ్ళారు. 1955లో అక్కడి తెలుగువాళ్ళు సంఘం పెట్టుకుని పిల్లలకి తెలుగు నేర్పడం మొదలుపెట్టారు, ఆ సంఘం ఇప్పటికీ నడుస్తోంది. ఆవిడ ఇండియా ఎప్పుడూ చూడలేదు. వాళ్ళ నానమ్మ చెప్పిన గోదావరి ఒకటే తెలుసు. "మా నదికంటే పెద్దదా?" అని అడిగింది. రాజమండ్రి దగ్గర రైలు వంతెన దాటడానికి ఎంతసేపు పడుతుందో చెప్పాం. ఫోనులో పుష్కర ఘాట్ ఫోటో చూపిస్తే చేత్తో తుడిచి చూసింది, మసకగా ఉందనుకుని. తాతగారి రంగం కథ మాలో ఒకరు అప్పుడు మొదటిసారి పూర్తిగా, తెలిసినంతవరకు చెప్పారు. 31 ఏళ్ళలో రెండోవారికి కూడా చెప్పలేదది. పక్క సీట్లో కూర్చుని వినాల్సి వచ్చింది. గుడ్లు ఆవిడతో కలిసి తిన్నాం.

ఒక ఊళ్ళో, పేరు అనవసరం, రాత్రి పదింటికి వెళితే లాడ్జివాళ్ళు గది లేదన్నారు. డబ్బు ముందే కట్టాం. వర్షం. మెట్ల మీద కూర్చుంటే ఎదురు టీకొట్టాయన పైనున్న తన పనివాళ్ళ గది ఖాళీ చేయించి పడుకోమన్నాడు. ఉదయం ఎంతివ్వాలంటే చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయన కొట్లో రెండు రోజులు నాలుగు పూటలా తిన్నాం, అంతకంటే చెయ్యగలిగింది లేకపోయింది.

మలక్కాలో 1748 నాటి మసీదుకి గుమ్మటం లేదు. మూడంతస్తుల పెంకుటిల్లులాంటి కప్పు, మినారు చైనా గోపురంలా ఉంటుంది. మసీదంటే ఇలాగే ఉండాలని మనం పట్టుబట్టే కొలతలు అక్కడ పనికిరావు. మాకది నచ్చింది. అందరికీ నచ్చకపోవచ్చు.

సింగపూరు ఖరీదైన ఊరు. డాలరు అప్పుడు 63 రూపాయలు. అక్కడ చూసినవాటిలో ఒక్కటే చెబుతాం, మన సంఘం వినాల్సింది. ఇప్పుడున్న సుల్తాన్ మసీదు 1932లో పూర్తయింది. బంగారు రంగు గుమ్మటం కింద చుట్టూ నల్లటి పట్టీ ఒకటి కనిపిస్తుంది. దగ్గరికెళ్ళి చూస్తే అవి గాజు సీసాల అడుగులు. డబ్బున్నవాళ్ళు చందాలిచ్చారు. ఇవ్వలేని పేదవాళ్ళ పాలు కూడా మసీదులో ఉండాలని వాళ్ళ దగ్గర సీసాలు సేకరించి అక్కడ అమర్చారు. మనం రసీదు పుస్తకంలో ఎంత రాశారో చదివి వినిపిస్తాం, వాళ్ళు ఎవరి సీసా ఏదో తెలియకుండా గుమ్మటానికే పెట్టారు. కోశాధికారిగారు మమ్మల్ని మన్నించాలి.

లెక్కలు అడుగుతారు. విమానాలు, సింగపూరు వీసా, బస, తిండి, రైళ్ళు, బస్సులు అన్నీ కలిపి ఇద్దరికీ 1,48,000 రూపాయలు. అందులో సింగపూరు మూడు రోజులే నాలుగోవంతు తిన్నాయి. మూడు జతల బట్టలు చాలు. నైలాను తాడు, నాలుగు క్లిప్పులు తప్పనిసరి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు పెనాంగు కొండ రైల్లో ఎక్కండి, నడవకండి. బీపీ మాత్రలు డాక్టరు చీటీతో సహా చేతి సంచిలోనే పెట్టుకోండి.

రైలు టిక్కెట్ల వివరాలు కావలసినవాళ్ళు ఏ శుక్రవారమైనా నమాజు తర్వాత మసీదు అరుగు మీద మమ్మల్ని పట్టుకోవచ్చు. మేము రాసుకున్న నోటుపుస్తకం ఒకరు చూసిస్తామని పట్టుకెళ్ళారు. ఎవరో మాకు గుర్తులేదు, ఈ సంచిక చూసి తిరిగిస్తారని ఆశ.