లెక్క అప్పగించు దినము

(నౌపడలో విశ్వాసుల కూటమునందు చేసిన ప్రసంగ పాఠము)



నూరేండ్ల పండుగ చేసికొనుచున్న వేళ దేవుని తీర్పును గూర్చి మాటలాడుట కొందరికి రుచింపకపోవచ్చును. పండుగనాడు వందనములు, దండలు, జ్ఞాపకములు ఉండవలెను గాని తీర్పు మాట యెందుకని అడుగవచ్చును. అయినను మనలో ప్రతివాడును దేవునికి తన లెక్క తానే అప్పగింపవలెనని పౌలు రోమీయులకు వ్రాసెను. నూరేండ్లు నిండిన సంఘము దండలు వేసికొనుటకు ముందు తన లెక్క తాను చూచుకొనుట మేలు.

మెలకువ అనగా ఏమో నేర్చుకొనుటకు మనము దూరము పోనక్కరలేదు. మన నౌపడ ఉప్పు మళ్లే మనకు బడి. వానలు వెనుకబడిన పిమ్మట పనివారు గట్లు సవరింతురు. ఉప్పునీటిని ఒక మడినుండి మరియొక మడికి పారించి ఎండకు చిక్కబడనిత్తురు. కడపటి మడిలో తెల్లని పలుకు కట్టిన మీదట దానిని లాగి కుప్ప వేయుదురు. మండుటెండలో, పాదములు ఉప్పునీటికి ఒరసి మండుచుండగా, మన తల్లులు, అక్కచెల్లెండ్రు గంపలు మోయుదురు. అకాలమున ఒక్క వాన కురిసెనా, వారముల కష్టము గడియలో కరిగిపోవును. కనుక ఆ పనివారు ఒక కన్ను ఆకాశము మీద ఉంచియే పని చేయుదురు. అయితే ఆకాశమునే చూచుచు గట్టున కూర్చున్నవాని మడిలో ఉప్పు పండదు. చేతిలో పని, కంటిలో కనిపెట్టుట, ఈ రెండును కలిసినదే క్రైస్తవుని మెలకువ.

ఈ రెంటిలో ఒకటి విడిచినవారు పూర్వము నుండియు ఉన్నారు. థెస్సలొనీక సంఘములో కొందరు పని మానుకొని ఊరక తిరుగుచుండగా పౌలు వారిని గద్దించి, పని చేసి తమ ఆహారము తినుడని ఆజ్ఞాపించెను. అమెరికాలో విలియం మిల్లరు బోధను నమ్మినవారు 1844 అక్టోబరు 22వ తేదీన ప్రభువు వచ్చునని కనిపెట్టిరి. కొందరు పంటలు కోయక పొలములలోనే విడిచిరి. ఆ దినము గడచిపోయెను, వారు మిక్కిలి ఆశాభంగము నొందిరి. మరల 2011 మే 21వ తేదీ తీర్పు దినమని అదే దేశములో మరియొక బోధకుడు చాటించెను. ఆ దినమును గడచెను.

మన నౌపడ జంక్షనునుండి పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు నడిచినది. 1931 నాటికి అది గుణుపురము చేరినది. 2004లో చిన్న రైలు ఆగిపోగా, 2011 నాటికి పెద్ద పట్టాల మీద గుణుపురమునకు మరల రైలు నడిచినది. చిన్న రైలుకైనను పెద్ద రైలుకైనను వేళల పట్టిక ఉండును. ప్రభువు రాకడకు అట్టి పట్టిక లేదు. ఆ గడియ తండ్రికి తప్ప ఎవరికిని తెలియదని ప్రభువే సెలవిచ్చెను. మార్కు సువార్త 13వ అధ్యాయములో ఆయన చెప్పిన ఉపమానము జ్ఞాపకము చేసికొనుడి. యజమానుడు ప్రయాణమై పోవుచు ఒక్కొక్క దాసునికి ఒక్కొక్క పని అప్పగించెను. తేదీ మాత్రము ఎవరికిని చెప్పలేదు. పని తెలిసినవానికి తేదీతో నిమిత్తము లేదు.

ఇప్పుడు మనకు నొప్పి కలిగించు సంగతికి వచ్చుచున్నాము. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరము దాటెను. గంటకు 140, 150 కిలోమీటర్ల వేగముతో గాలి వీచెను. ఉద్దానములో తండ్రులు, తాతలు నాటిన కొబ్బరి, జీడిమామిడి తోటలు ఒక్క ఉదయములో నేలబడెను. ఆ దినములలో మన నోట వచ్చిన మాట ఏమి? “ఇది ఫలానివారి పాపమునకు దేవుని తీర్పు” అని మనలో కొందరము అంటిమి. మనవారి చెట్లును పడినవి, మన కప్పులును లేచిపోయినవి. అయినను ఆ మాట అనుటకు మనము వెనుదీయలేదు.

సిలోయములో గోపురము కూలి పదునెనిమిదిమంది చనిపోయినప్పుడు జనులు ప్రభువు యెదుట అట్టి తలంపుతోనే ఉండిరి. వారు ఇతరులకంటె ఎక్కువ పాపులు కారని ఆయన చెప్పెను. చనిపోయినవారిని విచారించుట మాని, బ్రదికియున్న మీరు మారుమనస్సు పొందుడని వినుచున్నవారి వైపే మాట త్రిప్పెను. పేతురు మరింత సూటిగా వ్రాసెను. తీర్పు ఆరంభమగునది దేవుని యింటివారి యొద్దనే. అట్లయిన తుపాను తరువాత మనము వేయవలసిన ప్రశ్న “వారేమి చేసిరి?” అనునది కాదు, “మనమేమి చేసితిమి?” అనునదియే.

మనమేమి చేసితిమో దాచక చెప్పుకొందము. ఉప్పు మళ్లలో కూలి చేయు ఒక తల్లి ఆ తుపాను తరువాత మూడు ఆదివారములు ఆరాధనకు రాలేదు. మనము ఆమెను మార్గమున చూచి, “ఎందుకమ్మా గుడికి రావడం లేదు?” అని అడిగితిమి. ఆమె, “అయ్యగారూ, కట్టుకోడానికి పొడి కోక లేదు, ఇంటికి కప్పూ లేదు” అనెను. ఆమె హాజరు మనకు లెక్కలో ఉన్నది గాని ఆమె కప్పు మన లెక్కలో లేదు. మనము నిద్రించుచుంటిమి. ప్రతి ఆదివారము బల్లల మీద కూర్చుండియే, కీర్తనలు పాడుచునే నిద్రించుచుంటిమి.

మత్తయి 25వ అధ్యాయములో మనుష్యకుమారుడు సింహాసనాసీనుడై అడుగు ప్రశ్నలు మనకు కంఠపాఠమే. ఆకలిగొన్నవాడు, దప్పిగొన్నవాడు, పరదేశి, బట్టలేనివాడు, రోగి, చెరలో నున్నవాడు, వీరిని చూచితివా అని ఆయన అడుగును. ఎడమవైపు వారు దొంగలని గాని హంతకులని గాని అక్కడ చెప్పబడలేదు. వారు చూడలేదు, అంతే. మూత్రపిండముల వ్యాధితో మంచమున పడిన ఉద్దానపు కుటుంబములు మనకు ఎంత దూరము? రోగిని పరామర్శించుటకు బస్సు చార్జీ చాలును. తీర్పు దినమున బయలుపడునది ఆ దినమున పుట్టునది కాదు. కుప్ప కొలుచునాడు ఉప్పు పుట్టదు, ఎండ కాసిన దినములలోనే మడిలో పుట్టవలెను.

మన పూర్వులు ఆలాగే బ్రదికిరి. లండన్ మిషనువారైన జార్జి క్రాను, అగస్టస్ డిగ్రాంజి అనువారు 1805లో విశాఖపట్టణము చేరిరి. క్రాను 1809లోను, డిగ్రాంజి 1810లోను మృతినొందిరి. ఆనందరాయరు సహాయముతో తెనిగించిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురములో అచ్చయినవి. ఆ పుస్తకమును ఆ యిద్దరిలో ఎవరును కన్నులార చూడలేదు. పిలుపు వచ్చినప్పుడు వారు చేతిలో పనితో నుండిరి. మనకు తెలుగు సువార్త దొరకుటకు అది ఒక మొదలు.

భయపడకుడి. తీర్పు తీర్చు అధికారము తండ్రి కుమారునికే అప్పగించెనని యోహాను చెప్పుచున్నాడు. మన న్యాయాధిపతి చేతులలో మేకుల గాయములున్నవి. ఆ చేతులను ఎరిగినవానికి ఆ దినము దొంగవలె రాదు, యింటి యజమానుడు వచ్చినట్లు వచ్చును. అయితే ఆ చేతులే మనలను పొరుగువాని గుమ్మమునకు పంపుచున్నవి.

కావున ఈ నూరేండ్ల పండుగలో మనము ఒక తీర్మానము చేసికొందము. ఇకమీదట ఆరాధనకు రానివారి పేరు వ్రాసికొను దినముననే వారి యింటికి పోవుదము. తుపాను వచ్చినప్పుడు తీర్పు చెప్పుట మాని తాడు, తాటాకు పట్టుకొని బయలుదేరుదము. రాత్రి పడకకు ముందు, “ప్రభువా, నేడు నేను చూడక దాటిపోయినవారు ఎవరు?” అని ఒక్క మాట అడుగుదము.

ఆయన సాయంకాలమున వచ్చినను, అర్ధరాత్రి వచ్చినను, కోడి కూయు వేళ వచ్చినను, తెల్లవారిన తరువాత వచ్చినను మన గట్టు మీద మనము కనబడుదుము గాక. ఆమేన్.